చింతపండు లేని సీసా

పొద్దున పదీ పదికి కలిపాను.
చీటీ మీద నీలం పెన్నుతో రాశాను: 10.10.
ఐదుగురి తట్టుమందు. ఇద్దరే వచ్చారు.
ఒకడు గుక్కపట్టాడు,
ఒకతి నా గాజు పట్టుకుని వదల్లేదు.
మిగిలిన మూడు డోసులూ ఐసు పెట్టె మీది స్పాంజి గుంటలో,
కరేడు సబ్ సెంటరు ఫ్యాను కింద,
నాతోపాటే ఎదురుచూశాయి.

రెండూ పదికి పక్కన పడేయాలి.
రెండూ ఇరవైకి చెంచమ్మ వచ్చింది
రొయ్యల గుంటల కాడ నుంచి,
మోకాళ్ల దాకా బురద, చంకలో తొమ్మిది నెలల పిల్ల.

"మందు ఉండాదిగా, కనపడతానే ఉండాది!"
"టైమైపోయింది చెంచమ్మా."
"పది నిమిషాలేగదా."
సీసా ఎత్తి వెలుతురులో చూపించాను. తప్పు చేశాను.
తేటగా, అచ్చం పొద్దున ఉన్నట్టే ఉంది.
నా తరఫున సాక్ష్యం చెప్పలేదు.

"నిన్నటి చేపల పులుసు మాకియ్యాల బాగుంటది,
రేపటికి ఇంకా బాగుంటది.
నాలుగు గంటలకే చెడిపొయ్యేది అదేం మందు?"

"పులుసులో చింతపండు ఉంది మే,
ఈ సీసాలో లేదు."

నవ్వుతూ అన్నాను గాని
ఒంగోలు ట్రైనింగులో మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పింది
ఇంతకన్నా పెద్ద ఎక్కువేం కాదు.

పక్కనే ధనుర్వాతం సీసా ఉంది.
దాని గడువు ఇరవై ఎనిమిది రోజులు.
అందులో పిసరంత కాపలా మందు కలిపి పంపుతారు.
సూది రబ్బరు మూతని పొడిచినప్పుడల్లా
వెంటబడి దూరే పురుగుని పట్టుకోడానికి.
తట్టు సీసాకి కాపలా పెట్టకూడదు.
అందులో ఉన్నదే ఒక పురుగు,
బలం తీసి, బుద్ధి చెప్పి, ప్రాణం ఉంచిన పురుగు.
కాపలావాడు మనోడా పైవాడా అని చూడడు,
ముందు దాన్నే చంపుతాడు.
కాబట్టి దానికి దిక్కు గడియారం.
గడియారమూ, నేనూ.

నా చిన్నప్పుడు కామందు గారింట్లో ఊరగాయ రోజున
మా అమ్మ కారం దంచేది,
ఇసకపల్లి ఉప్పు దంచేది.
కారం జాడీలోకి పోయేది. ఉప్పు పోయేది.
అమ్మ చెయ్యి పోయేది కాదు.
పొడి చెయ్యే. మూడుసార్లు కడిగిన చెయ్యే.
వాసెన కట్టేదాకా దొడ్డివాకిట్లో నిలబడేది.
ఏ ఏడన్నా బూజు పడితే
అది మా నీడ.

ఇప్పుడు ఊరందరి ఒంట్లోకీ పోయే సూది నా చేతిలో ఉంది.
మూత తుడుస్తాను, ఆరనిస్తాను,
తడి ఆరకముందే పొడిస్తే తుడిచినట్టు కాదు.
ఈ శుభ్రం ఎవరి చెయ్యని అడగదు,
కడిగావా, ఆరిందా అంటుంది.
ఆ మాట మీద నాకు గర్వం కూడా ఉండేది.
ఇయ్యాల అదే శుభ్రం
ఒక మనిషిని గుమ్మంలో నిలబెట్టి
నా నోటితో పొమ్మనిపించింది.
చెంచమ్మ తిట్టుకుంటా పోయింది.
ఏం తిట్టిందో రాయను.

తెల్లారి ఉలవపాడు పోయి
ఇంకో సీసా తెచ్చాను స్కూటీ మీద,
నాలుగు ఐసు దిమ్మెల మధ్య.
ఒక్క బిడ్డకైనా సీసా తెరవాల్సిందేనని
మా పుస్తకంలోనే ఉంది.
గుంట గట్టు మీద, కాపలా గుడిసె నీడలో
చీటీ మీద రాశాను: 7.40.
పిల్ల ఏడ్చింది, వాళ్లమ్మ ఏడవలేదు,
నా వైపు చూడనూ లేదు.

ఇంకా నాలుగు డోసులు.
నీళ్లు చిలికే మోటార్ల రొదలో అరుస్తా
గట్లమ్మట తిరిగాను పన్నెండుకి ఇరవై తక్కువ దాకా.
ఇద్దరు దొరికారు.
రెండు మిగిలాయి. డబ్బాలో పడేశాను.

తిరిగొచ్చేసరికి చెంచమ్మ
సత్తు గిన్నె మీద మూత తీసింది.
"మొన్నటిది," అంది,
నా మొహంలోకి సూటిగా చూస్తా.

చేతులు కడుక్కుని కూర్చున్నాను.